గీకిన మురికి ఎక్కడికి పోతోంది?

(బెంగళూరు బళేపేటలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము మాట్లాడబోయే విషయం చెబితే కొందరికి నవ్వు రావచ్చు. పళ్ళ డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయించుకునే ముందు ఒక్క నిమిషం మందునీళ్ళతో నోరు పుక్కిలించడం. ఆ ఒక్క నిమిషం గురించే ఈ ప్రసంగం. "దీనికి పాస్టరుగారు దేనికి, డాక్టరుగారు చెబితే సరిపోదా" అని వెనక వరుసలో ఎవరో ఒకరు అనుకుంటూనే ఉంటారు. వైద్యం డాక్టర్లే చెప్పాలి, అందులో సందేహం లేదు. అయితే ఇందులో వైద్యంతోపాటు పొరుగువాడి సంగతి కూడా ఉంది. పొరుగువాడి సంగతి వచ్చినప్పుడు సంఘం మాట్లాడాలి. అందుకని లేవీయకాండము 14వ అధ్యాయం దగ్గర మొదలుపెడదాం.

ఆ అధ్యాయంలో ఇంటి గోడకు పట్టిన తెగులు గురించి ఉంది. గోడమీద పచ్చగానో ఎర్రగానో చారలు కనబడితే ఇంటివాడు వెళ్ళి యాజకునికి చెప్పుకోవాలి. యాజకుడు వచ్చి చూసి, ఇంటిని ఏడు రోజులు మూసిపెట్టిస్తాడు. తెగులు వ్యాపించిందని తేలితే ఆ రాళ్ళు ఊడదీయిస్తాడు, లోపలి గోడలన్నీ చుట్టూ గీకిస్తాడు. ఇక్కడ ఒక చిన్న మాట ఉంది. మనం చదువుతూ దాటిపోతాం. గీకగా రాలిన పెళ్ళలను ఊరి బయటికి తీసుకుపోయి, అపవిత్రమైన చోట పారబోయాలి. గోడ శుభ్రమైతే చాలదు. గీకినది ఎక్కడ పడుతుందో, ఎవరి మీద పడుతుందో కూడా ధర్మశాస్త్రం పట్టించుకుంది.

పళ్ళమీద గట్టిపడిన గారను గీకి తీసే పనినే డాక్టర్లు స్కేలింగ్ అంటారు. మన పళ్ళు తెల్లబడతాయి, చిగుళ్ళు గట్టిపడతాయి, డబ్బు కట్టి ఇంటికి వచ్చేస్తాం. లేవీయకాండము అడిగిన ప్రశ్న మాత్రం ఆ గదిలోనే ఉండిపోతుంది. గీకినది ఎక్కడికి పోయింది?

కుర్చీ చుట్టూ ఏం జరుగుతుంది

పూర్వం గారను చేతి పరికరాలతో గీకేవారు. ఇప్పుడు ఎక్కువచోట్ల వాడేది అల్ట్రాసోనిక్ స్కేలర్. దాని మొన సెకనుకు 25 వేల సార్లకు పైగా కంపిస్తుంది. ఆ వేగానికి మొన వేడెక్కుతుంది కాబట్టి దానిమీద నీళ్ళు పడుతూ ఉండాలి. కంపించే మొనకు నీళ్ళు తగిలితే ఏమవుతుంది? తుంపర లేస్తుంది. ఆ తుంపరలో నీళ్ళతోపాటు ఉమ్మి, చిగుళ్ళ రక్తం, పాచి, అందులోని బ్యాక్టీరియా అన్నీ కలిసి ఉంటాయి.

ఈ తుంపరను శాస్త్రవేత్తలు రెండుగా విడదీశారు. 50 మైక్రాన్లకంటే పెద్ద చుక్కలు రాయి విసిరినట్టు కాస్త దూరం వెళ్ళి కింద పడిపోతాయి. డాక్టరు కళ్ళద్దాలమీద, మీ చొక్కామీద, పక్కనున్న బల్లమీద కనబడే మరకలు ఇవే. 50 మైక్రాన్లకంటే చిన్నవి గాలిలో తేలుతూ ఉంటాయి. వాటిని ఏరోసోల్ అంటారు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఇవి ఎంత సన్ననివో ఊహించుకోవచ్చు. వీటిలో మరీ సన్ననివి ఊపిరితిత్తుల లోపలిదాకా పోగలవు. పని అయిపోయాక కూడా అరగంటదాకా ఆ గాలిలో నిలిచి ఉండగలవు. మీరు కుర్చీ దిగి, ఆ కుర్చీలోకి ఇంకొకరు ఎక్కి నోరు తెరిచే సమయానికి మీ నోటిలోది కొంత ఇంకా గాలిలోనే ఉంటుందన్నమాట.

ఈ బళేపేటలో సంగీత వాయిద్యాల దుకాణాలు మీ అందరికీ తెలుసు. నాదస్వరమో పిల్లనగ్రోవో కొనడానికి వచ్చినవాళ్ళు ఊది చూస్తారు. ఒకరు ఊదినదాన్ని ఇంకొకరు తుడవకుండా నోట పెట్టుకోరు. ఒక నోటిది ఇంకో నోటికి పోకూడదని ఏ చదువూ లేనివాళ్ళకు కూడా తెలుసు. పళ్ళ డాక్టరు గదిలో అదే జరుగుతుంటే మనకు పట్టకపోవడానికి కారణం ఒక్కటే. అక్కడ అది గాలిలో పోతుంది, కంటికి కనబడదు.

ఒక బట్టల వ్యాపారి చేసిన పరీక్ష

కనబడనిదాన్ని మొట్టమొదట చూసినవాడి కథ కొంచెం చెప్పుకుందాం. ఆయన డాక్టరు కాడు. మన చిక్కపేట వ్యాపారుల్లాగే బట్టల కొట్టు నడిపినవాడు. హాలండ్ దేశంలోని డెల్ఫ్ట్ ఊరివాడు, పేరు ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్. భూతద్దాలు తానే సానబెట్టుకుని సూక్ష్మదర్శినులు తయారుచేసుకున్నాడు. 1683లో లండన్‌లోని రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో, తన పళ్ళమధ్య నుంచి తీసిన తెల్లటి పాచిలో కదులుతున్న చిన్న చిన్న జీవులను చూశానని తెలియజేశాడు.

మన విషయానికి అవసరమైన ముక్క ఆ ఉత్తరంలోనే ఉంది. ఆయన ఘాటైన ద్రాక్ష వెనిగర్ నోట్లో పోసుకుని బాగా పుక్కిలించాడు. తరవాత మళ్ళీ పాచి తీసి చూశాడు. పళ్ళమధ్య పాచిలో జీవులు ఇంకా లెక్కలేనన్ని ఉన్నాయి. అదే వెనిగర్‌ను పాచిలో నేరుగా కలిపి చూస్తే మాత్రం చచ్చిపోయాయి. పుక్కిలించిన ద్రవం పైపైనే పనిచేస్తుంది, మందంగా పేరుకున్న పాచి లోపలికి చొరబడలేదు అని ఆయన తేల్చుకున్నాడు.

ఇది 340 ఏళ్ళనాటి మాట. ఇవాళ్టికీ అదే నిజం. మౌత్‌వాష్‌తో పుక్కిలించడం బ్రష్ చేసుకోవడానికి బదులు కాదు, స్కేలింగ్‌కు బదులు కాదు. పాచిని అది ఊడదీయదు. కానీ ఉమ్మిలో, నాలుకమీద, బుగ్గల లోపల, పాచి పైపొరలో తేలికగా తిరుగుతున్న బ్యాక్టీరియాను బాగా తగ్గిస్తుంది. ముందుగా తుంపరలోకి ఎగిరేది ఆ తేలికగా ఉన్నదే. అందుకనే స్కేలర్ పెట్టకముందు పుక్కిలించమంటారు. పని మొదలయ్యాక పుక్కిలిస్తే గాలిలోకి పోయింది వెనక్కి రాదు.

మందునీళ్ళు ఎంతవరకు పనిచేస్తాయి

ఎక్కువగా వాడేది క్లోర్‌హెక్సిడిన్. మన దేశంలో 0.2 శాతం ద్రావణంగా మందుల షాపుల్లో దొరుకుతుంది. 10 నుంచి 15 మిల్లీలీటర్లు నోట్లో పోసుకుని అర నిమిషం నుంచి ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. మింగకూడదు. ఆ మందు బ్యాక్టీరియా గోడకు అంటుకుని దాన్ని చిల్లులు పొడుస్తుంది. నోటిలోపలి చర్మానికి, పళ్ళకు కూడా అంటుకుని కొన్ని గంటలపాటు కొద్దికొద్దిగా విడుదలవుతూ ఉంటుంది. ఒక్కసారి పుక్కిలిస్తే స్కేలింగ్ జరిగినంతసేపూ పనిచేయడానికి కారణం అదే.

ఇది పనిచేస్తుందని ఎలా తెలుసు? పాలల్లో వేసిన తోడు చుక్క తెల్లారేసరికి గిన్నెడు పెరుగవుతుంది కదా. పరిశోధకులు చేసేది దాదాపు అదే. బ్యాక్టీరియాకు ఆహారంగా ఉండే పదార్థం పోసిన గాజు పళ్ళేలను రోగి ఛాతీమీద, డాక్టరు దగ్గర, అసిస్టెంట్ దగ్గర మూత తీసి పెడతారు. స్కేలింగ్ అయ్యాక వాటిని మన ఒంటి వేడిలో రెండు రోజులు ఉంచుతారు. గాలిలోనుంచి పడిన ఒక్కొక్క బ్యాక్టీరియా పెరిగి ఒక్కొక్క చుక్కగా కనబడుతుంది. ఆ చుక్కలు లెక్కపెడతారు.

1992లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో నూనెల సారంతో చేసిన మౌత్‌వాష్‌తో పుక్కిలించినప్పుడు గాలిలోని బ్యాక్టీరియా 94 శాతం తగ్గింది. మందు లేని ద్రవంతో పుక్కిలించినా 34 శాతం దాకా తగ్గింది. 2012లో మన దేశపు పీరియడాంటాలజీ సంఘం పత్రికలో 30 మంది రోగులపై చేసిన అధ్యయనం వచ్చింది. అందులో మామూలు చల్లని క్లోర్‌హెక్సిడిన్ కంటే 47 డిగ్రీలకు వెచ్చచేసినది ఎక్కువ ఫలితమిచ్చింది. 2019లో ఇలాంటి పరీక్షలను కలిపి చూసిన సమీక్షలో సగటున 65 శాతం తగ్గుదల కనబడింది.

ఇక రెండోవైపు కూడా చెప్పాలి. సగం నిజం చెప్పి జనాన్ని ఒప్పించడం మన పని కాదు. గాలిలో బ్యాక్టీరియా తగ్గుతుందని చూపించిన పరీక్షలున్నాయి. దానివల్ల ఇంతమందికి జబ్బు తప్పింది అని చూపించిన రుజువు లేదు. అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ సీడీసీ 2003లో దంతవైద్యశాలలకు మార్గదర్శకాలు రాసినప్పుడు, ఈ ఒక్క విషయంలో చేయమని గానీ వద్దని గానీ చెప్పకుండా విడిచిపెట్టింది. కోవిడ్ వచ్చాక 2020 మే నెలలో మన కేంద్ర ఆరోగ్యశాఖ దంతవైద్యులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో మాత్రం చికిత్సకు ముందు పుక్కిలించే మాట ఉంది.

"మరి జబ్బు తప్పుతుందన్న రుజువు లేనిదాన్ని ఎందుకు అడగాలి అయ్యగారూ?" మంచి ప్రశ్న. దానికి జవాబు మాకు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దొరికింది.

పిట్టగోడ

కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దెమీద చుట్టూ పిట్టగోడ కట్టించాలని ఆ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. ఎవరైనా అక్కడినుంచి పడితే ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుందని హెచ్చరిస్తుంది. ఈ పేటలో పుట్టి పెరిగినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఇక్కడ మిద్దెలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తూ వెనక్కి నడుస్తారు.

ఆ ఆజ్ఞలో మూడు సంగతులు గమనించండి. మొదటిది, ఎవరైనా పడేదాకా ఆగమని అందులో లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం దేవుని పద్ధతి కాదు. ప్రమాదం ఉందని తెలిసింది, ఆపే మార్గం తేలికగా ఉంది, అంతే చాలు, కట్టాలి. రెండోది, ఖర్చు ఇంటివాడిదే. వచ్చినవాడు జాగ్రత్తగా నడవాలి అని వదిలేయలేదు. మూడోది, చుట్టూ కట్టమంది. మూడు వైపులా కట్టి ఒకవైపు వదిలేస్తే అది పిట్టగోడ కాదు.

పళ్ళ క్లినిక్‌కు కూడా నాలుగు వైపులు ఉన్నాయి. పుక్కిలించడం ఒకవైపు మాత్రమే.

రెండోవైపు సక్షన్. నోటి మూలన వేలాడదీసే సన్న గొట్టం గురించి కాదు, అది ఉమ్మిని లాగడానికి. పెద్ద మూతి ఉన్న బలమైన సక్షన్ గొట్టం వేరే ఉంటుంది. స్కేలర్ పక్కనే దాన్ని సరిగ్గా పట్టుకుంటే బయటికి వచ్చే తుంపరను 90 శాతానికి పైగా లాగేస్తుంది. పుక్కిలించడం కంటే దీని బలం ఎక్కువ. ఒక్కటే చేయగలిగితే ఏది చేయాలంటే ఇదే.

మూడోవైపు నీళ్ళు. స్కేలర్‌లోకి వచ్చే నీళ్ళు సన్నని గొట్టాల్లోంచి వస్తాయి. వాటి లోపలి గోడలకు కూడా పాచి పడుతుంది. 2021లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు తుంపరలోని సూక్ష్మజీవులు ఎక్కడినుంచి వచ్చాయో వెతికితే, ఎక్కువ భాగం రోగి ఉమ్మినుంచి కాక ఆ నీళ్ళనుంచే వచ్చాయి. 2011లో ఇటలీలో 82 ఏళ్ళ ఒక తల్లి దంత చికిత్స కుర్చీ నీళ్ళనుంచి వచ్చిన లీజియోనెల్లా బ్యాక్టీరియాతో న్యుమోనియా వచ్చి చనిపోయింది. ఆ నీళ్ళ గొట్టాలను శుద్ధి చేయకుండా రోగిని ఎంత పుక్కిలించమన్నా లాభం కొంతే. మిల్లీలీటరు నీటిలో 500కు మించి బ్యాక్టీరియా ఉండకూడదని సీడీసీ పెట్టిన హద్దు.

నాలుగోవైపు గాలి, మాస్కు. ఈ పేట సందుల్లో క్లినిక్కులు మేడమీద చిన్న గదుల్లో ఉంటాయి. కిటికీ మూసి ఏసీ వేస్తారు. గోడకు తగిలించే ఏసీ ఆ గదిలో గాలినే చల్లబరిచి మళ్ళీ అక్కడే వదులుతుంది, బయటి గాలి తేదు. ఒక కిటికీ, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాలి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ప్రపంచంలోని క్షయరోగుల్లో నాలుగోవంతు మంది మన దేశంలోనే ఉన్నారు. క్షయ క్రిమి ఊపిరితిత్తులనుంచి దగ్గుతో వస్తుంది. నోరు పుక్కిలిస్తే ఊపిరితిత్తులు శుభ్రం కావు. రెండు వారాలుగా దగ్గుతున్నవాళ్ళు ముందు కఫం పరీక్ష చేయించుకోవాలి. క్లీనింగ్ తరవాతైనా చేయించుకోవచ్చు.

ఆ గదిలో ఎక్కువసేపు ఉండేది ఎవరు

ఇప్పుడు ఈ కూడికకు అసలు కారణమైన మాటకు వస్తున్నాం. రోగి ఆ గదిలో ఉండేది అరగంట. డాక్టరు రోజంతా ఉంటాడు, కానీ మంచి మాస్కు కొనుక్కోగలడు, కిటికీ తెరిపించగలడు, జబ్బు చేస్తే రెండు రోజులు మూసేయగలడు. ఆయన పక్కన నిలబడి సక్షన్ గొట్టం పట్టుకునే అమ్మాయి సంగతి ఏమిటి? పొద్దున్నే వచ్చి నేల తుడిచి, పరికరాలు కడిగి, రాత్రి షట్టర్ దించేదాకా ఉండేది ఆమె. రోగి నోటికి డాక్టరు ఎంత దగ్గరో ఆమె అంతే దగ్గర. జీతం మాత్రం అంతే దగ్గర కాదు.

2020 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, కోవిడ్ ప్రమాదం ఏ వృత్తులవాళ్ళకు ఎక్కువో చూపించే పటం వేసింది. అందులో పైవరుసలో ఉన్నది పళ్ళు శుభ్రం చేసేవాళ్ళు. అక్కడ ఆ పని చదువుకుని లైసెన్సు తీసుకున్నవాళ్ళు చేస్తారు. ఇక్కడ డాక్టరు పక్కన నిలబడేది పియుసితో చదువు ఆపేసిన మన పిల్లలు. మన సంఘాలనుంచి కూడా ఆ పనికి వెళ్తున్న చెల్లెళ్ళు ఉన్నారు. "ఒక్క మాస్కు సాయంత్రందాకా వాడమంటారు", "సూది ఇంజెక్షన్లు ఏవీ మాకు వేయించలేదు" అని వాళ్ళు చెప్పినప్పుడు మేము విన్నాం. ఏ క్లినిక్ అన్నది ఇక్కడ అవసరం లేదు. అక్కడ పనిచేసేవాళ్ళ హక్కు ఏమిటన్నది అవసరం.

2016 జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, ఆ వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఉద్యోగికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత సంస్థ యజమానిది. క్లినిక్ పెద్దదా చిన్నదా అన్న తేడా లేదు. ఇది దయ చూపించమని అడగడం కాదు, చట్టంలో ఉన్నదాన్ని అడగడం. తోడుగా ఎవరూ లేకపోతే ఆ పిల్ల అడగలేదు, పని పోతుందని భయం. ఆ తోడు సంఘం కావాలి. గాలిలో తేలే బ్యాక్టీరియా గురించి పాస్టరు ఎందుకు మాట్లాడాలి అని అడిగినవారికి ఇదే మా జవాబు. ఆ గాలి పీల్చేవాళ్ళలో మన సంఘం పిల్లలు ఉన్నారు.

అందరికీ ఒకే నియమం

ఇంకొక మాట చాలా జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఉమ్మి, ఎంగిలి, ఊపిరి అనే మాటలు మన దేశంలో ఉత్త వైద్యం మాటలు కావు. పీష్వాల పాలనలో పూణే వీధుల్లో అంటరానివారు తమ ఉమ్మి నేలమీద పడకుండా మెడలో కుండ కట్టుకుని తిరగవలసి వచ్చేదని డాక్టర్ అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. మనలో చాలామందికి వేరే గ్లాసు, ఎత్తునుంచి పోసిన నీళ్ళు అమ్మమ్మలు చెప్పిన సంగతులే. కనుక శుభ్రత పేరు చెప్పి మనిషిని దూరం పెట్టే అలవాటు తిరిగి ఏ దారిలో వచ్చినా మనం గుర్తుపట్టాలి.

అంబేద్కర్ చెప్పిన ఆ కుండ, మేము అడుగుతున్న ఈ పుక్కిలింత, రెండూ నోటికి సంబంధించినవే. కానీ రెంటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. కుండ కొందరి మెడలోనే కట్టారు, పుట్టుక చూసి కట్టారు. పుక్కిలించడం అందరినీ అడగాలి. సేఠ్‌ని అడగాలి, హమాలీని అడగాలి, పాస్టరుని అడగాలి. ముఖం చూసి, కులం చూసి, పేట చూసి, చీటీలో రాసిన జబ్బు చూసి అడిగితే అది వివక్ష. వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగితే అది జాగ్రత్త. ప్రతి రోగి విషయంలోనూ ఒకే జాగ్రత్త తీసుకోవాలన్న పద్ధతి 1980లలో హెచ్ఐవి కాలంలో బలపడింది. ఎవరికి ఏముందో ముఖం చూసి చెప్పలేం కాబట్టి అందరి విషయంలోనూ ఒకే తీరుగా ఉండాలి.

హెచ్ఐవి ఉందని చెప్పగానే పళ్ళు చూడకుండా పంపేసే చోట్లు ఇంకా ఉన్నాయి. 2017లో వచ్చిన హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ కారణంతో వైద్యం నిరాకరించడం నేరుగా నిషేధం. అందరికీ పిట్టగోడ కట్టిన క్లినిక్‌కు ఎవరినీ బయటికి పంపవలసిన అవసరం రాదు. దేవుడు పక్షపాతి కాడని మనం నమ్ముతాం. ఆ నమ్మకం క్లినిక్‌లో ఎలా కనబడుతుందంటే ఇలా కనబడుతుంది.

మార్కెట్ చుట్టుపక్కల కాలిబాటమీద పళ్ళు కట్టేవాళ్ళ దగ్గరికి పోయే పేదవాళ్ళ మాట కూడా మరిచిపోకూడదు. రిజిస్టరు కాని మనిషి పళ్ళ వైద్యం చేయడాన్ని చట్టం ఒప్పుకోదు. అయినా జనం పోతున్నారు, ఎందుకంటే క్లినిక్ ఖర్చు భరించలేరు. వాళ్ళను ఎగతాళి చేయకండి, చెయ్యి పట్టుకుని దారి చూపించండి. ఇక్కడినుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, కోట దగ్గర విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

ఇప్పుడు మనం చేయవలసింది

మొదట రోగులుగా. ఈసారి క్లీనింగ్‌కు వెళ్ళినప్పుడు మర్యాదగా ఒక్క మాట అడగండి. "డాక్టరుగారూ, మొదలుపెట్టే ముందు నోరు పుక్కిలించడానికి ఏమైనా ఇస్తారా?" గొడవ అక్కరలేదు. పదిమంది అడిగితే పదకొండోవాడికి అడగకుండానే ఇస్తారు. 150 మిల్లీలీటర్ల సీసాలో 10 మిల్లీలీటర్ల చొప్పున 15 మందికి వస్తుంది. తలకు లెక్కేస్తే ఒక టీ ఖరీదు. బయలుదేరే ముందు బ్రష్ చేసుకుంటే కనీసం అరగంట ముందే చేసుకోండి. టూత్‌పేస్ట్‌లోని నురుగు పదార్థం క్లోర్‌హెక్సిడిన్ పనిని తగ్గిస్తుంది.

మీ ఒంటి సంగతి డాక్టరుకు చెప్పండి. క్లోర్‌హెక్సిడిన్ కొద్దిమందికి పడదు, అరుదుగా అది ప్రాణంమీదికి కూడా రావచ్చు. బెటాడిన్ లాంటి అయోడిన్ మందు ఇస్తే థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందే చెప్పాలి. కొన్ని మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటుంది. తాగుడు మానుకుని ప్రభువులో నిలబడుతున్న అన్నలు ఆ వాసనకే ఇబ్బంది పడవచ్చు. ఆల్కహాల్ లేనివి దొరుకుతాయి, అడగడానికి సిగ్గుపడకండి. ఈ మాట విని ఇంటికెళ్ళి రోజూ క్లోర్‌హెక్సిడిన్ వాడడం మొదలుపెట్టకండి. ఎక్కువ రోజులు వాడితే పళ్ళమీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది.

రెండోది, క్లినిక్కుల్లో పనిచేసే చెల్లెళ్ళు, తమ్ముళ్ళు. మీ టీకాల సంగతి, మాస్కుల సంగతి మాకు చెప్పండి. ఒక్కరుగా అడగలేనిది నలుగురం కలిసి కాగితంమీద రాసి అడుగుదాం. పెద్ద సక్షన్ సరిగా పట్టుకోవడం నేర్చుకోండి. అది రోగికంటే ముందు మీ ఊపిరికి కాపలా.

మూడోది మన సంఘాలు. క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ మందిరం హాలులో ఉచిత దంత శిబిరాలు పెడతాం. బెంచీలు జరిపి నాలుగు కుర్చీలు వేసి, పక్కపక్కనే నలుగురికి స్కేలింగ్ చేయిస్తాం. పేరు బ్యానరుమీద పెద్దగా వేస్తాం. ఆ హాలులో మనమే ఇంటివాళ్ళం, పిట్టగోడ కట్టవలసింది మనమే. కాబట్టి ఇకమీదట శిబిరానికి డాక్టర్లను పిలిచినప్పుడు ముందే మాట్లాడుకుందాం. ప్రతి ఒక్కరికీ పుక్కిలించడానికి మందునీళ్ళు, ఉమ్మడానికి విడిగా చోటు, పెద్ద సక్షన్, శుద్ధి చేసిన నీళ్ళు, తెరిచిన కిటికీలు, కుర్చీకీ కుర్చీకీ మధ్య దూరం, సహాయం చేసే మన యువకులకు మంచి మాస్కులు. ఇవి ఏర్పాటు చేయలేకపోతే ఆ రోజు స్కేలింగ్ వద్దు. నోరు పరీక్ష చేసి, బ్రష్ చేసే పద్ధతి నేర్పి, దంత కళాశాలకు చీటీ రాసి పంపుదాం. పేదవాళ్ళకు ఉచితంగా ఇచ్చేది తక్కువ జాగ్రత్తతో ఇవ్వవచ్చు అనే ఆలోచన మన మధ్య ఉండకూడదు. చివర్లో ఆ హాలు ఊడ్చే అమ్మ పేరు బ్యానరుమీద ఉండదు. ఆమె రావడానికి అరగంట ముందే కిటికీలు తెరిచి ఉంచడం మాత్రం మన చేతిలో ఉంది.

ఆదాము నాసికలో దేవుడు ఊపిరి ఊదాడని మనం బడిపిల్లలకు నేర్పుతాం. ఆ ఊపిరికి కులం లేదు, జీతం తేడా లేదు. ఒక గదిలో నలుగురు ఉంటే నలుగురూ ఒకే గాలి పీలుస్తారు. ఆ గాలిని కాపాడే పని ఒక్క నిమిషంతో మొదలవుతుంది కాబట్టి, దాన్ని చిన్నపనిగా చూడకండి.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, మా ఊపిరి నీదే. మా వల్ల పొరుగువాడి ఊపిరికి హాని రాకుండా మాకు జ్ఞానం ఇవ్వు. కుర్చీ పక్కన నిలబడి పనిచేసే మా పిల్లలను కాపాడు, వారి తరఫున మాట్లాడే ధైర్యం మాకివ్వు. వైద్యుల చేతులను దీవించు. యేసు నామంలో అడుగుతున్నాం. ఆమేన్.